జాడ ముందు, జంతువు తర్వాత

నాగక్కకు మతి చెడిందని మా ఊళ్లో కొందరంటారు. కాదు, మంత్రం నేర్చిందని ఇంకొందరంటారు. ఈ రెండు మాటలూ పుట్టించినవాళ్లు ఆ ఏడాదంతా ఆమె ఇంటివైపు తొంగి చూసిన పాపాన పోలేదు. నేను చూశాను. అందుకే ఇది నేను చెప్పాలి, వాళ్లు కాదు.

నా పేరు కృపమణి. మైదుకూరు నుంచి బద్వేలు పోయే రోడ్డు పక్కన నాకొక మెస్సు ఉంది. లారీవాళ్లు, విత్తనాల వ్యాపారులు, దారిన పోయేవాళ్లు తింటారు. ఊరు రోడ్డుకు కొంచెం లోపల. మా చర్చి వీధికీ నాగక్క వాళ్ల వీధికీ మధ్య ఒక వంక ఉంది. వానొస్తే దాంట్లో నీళ్లు పారతాయి, లేకపోతే ఇసుకా కంపచెట్లూ. ఏడాదిలో ఎక్కువ భాగం ఇసుకే.

నాగక్క పడమటి కర్నూలు ఆడబిడ్డ. ఆదోని అవతలి పల్లె నుంచి రంగస్వామన్నను చేసుకుని వచ్చింది. ఇన్నేళ్లయినా డబ్బును దుడ్లు అనే అంటుంది, మా ఊరు ఇప్పటికీ దానికి నవ్వుతుంది. కొంచెం మెట్ట చేను, పాలకు రెండు ఎనుములు, ఒక్కడే కొడుకు రామాంజి. మనిషి మాట దురుసు. చేన్లో పడిన మేకనూ, ఆ మేక గలాయననూ, ఆయన తాతనూ కలిపి తిట్టగలదు. తిట్టిన కాసేపటికి వాళ్లింటికే వేరుశనక్కాయలు పంపుతుంది. నా నోరు కూడా తక్కువదేమీ కాదు కాబట్టి మాకిద్దరికీ బాగా కుదిరింది.

రామాంజి లారీ డ్రైవరు. కడప బండలు ఎక్కించుకుని కర్ణాటక వైపు పోయేవాడు. ఆ ఉగాదికి తాగి ఇంటికి వచ్చాడు. తల్లి సంగటి పెట్టి, ఎందుకిట్లా పాడవుతున్నావని అడిగింది. అడిగిన తీరు మెత్తగా ఉండి ఉండదు. వాడు పళ్లేన్ని కాలితో తన్నాడు. సంగటి ముద్ద గోడకు తగిలి కింద పడింది. కూటిని తన్నితే ఏ తల్లి ఊరుకుంటుంది?

“తిండిని తన్నిన కాలితో నా గడప తొక్కొద్దు. చచ్చినా తొక్కొద్దు, పో!” అని అరిచింది. ఆ మాట వీధంతా విన్నది. వాడు చెప్పులు వేసుకుని వెళ్లిపోయాడు.

ఉగాదికి కట్టిన మామిడాకులు ఇంకా గుమ్మానికి ఉండగానే, కర్ణాటకలో ఎక్కడో కనుమ దారిలో లారీ బోల్తా పడింది. శవాన్ని నిలువెల్లా గుడ్డ చుట్టి తెచ్చారు. మొహం మాత్రం చూపించారు, కాళ్లు చూపించలేదు. దాంతోపాటు ఒక ప్లాస్టిక్ సంచిలో వాడి ఎడమకాలి చెప్పు వచ్చింది. రెండోది దొరకలేదన్నారు.

వాళ్ల ఇళ్లలో ఒక ఆచారం ఉంది. మనిషి పోయిన మూడోనాడు గడప లోపల నేల అలికి, జల్లెడ పట్టిన పొయ్యి బూడిదను పలచగా పరుస్తారు. మీద గంప బోర్లిస్తారు. తెల్లారి గంప ఎత్తి చూస్తే బూడిదలో ఏదో ఒక జాడ పడి ఉంటుంది, పిట్టదో పిల్లిదో పాముదో. ఆ రూపంలో పోయినవాడు ఇంటికి వచ్చి చూసిపోయాడని అర్థం. బొద్దింక నడిచినా చాలు, వచ్చాడని చెప్పుకుని ఏడ్చి నెమ్మదిస్తారు. రామాంజి కోసం పరిచిన బూడిదలో ఏమీ పడలేదు. చీమ కూడా నడవలేదు. గంప ఎత్తిన బొజ్జన్న, మేకలు కాసే పెద్దాయన, దాన్ని మళ్లీ మెల్లగా బోర్లించి, “రాలేదప్పా” అని మాత్రం అన్నాడు.

అందరూ నాగక్క వైపు చూశారు. రంగస్వామన్న ఒక్కడే చూడలేదు. ఆ రోజు నుంచి ఆయన భార్యతో మాట్లాడటం మానేశాడు. తిట్టలేదు, కొట్టలేదు. మంచం తెచ్చి బయట అరుగు పక్కన వేసుకున్నాడు. గడప మీద పెట్టిన పళ్లెం తీసుకుని అరుగు మీదే తినేవాడు. చేనికి పోయేవాడు, వచ్చి పడుకునేవాడు.

మాకు బూడిదా లేదు, జాడా లేదు. ప్రార్థన చేసి, పాట పాడి, మట్టి చేసి వస్తాం. అందుకని ఒకసారి నాగక్కకు చెప్పబోయాను, ఇదంతా భ్రమ అని.

“భ్రమైతే కానీలే కృపమ్మా. నేనన్న మాట మాత్రం వాడు విన్నాడు కదా. ఇని, ఆ మాట మీదనే నిలబడుకోనుండాడు. రావల్లని ఉన్నా రాల్యాక, యాడనో ఆ వంక గడ్డన నిలబడుకోనుండాడు” అంది.

ఆ సాయంత్రం వంక దాటి ఇంటికి పోతూ నేను గట్టువైపు చూడలేదు. అక్కడ ఏమీ లేదని నాకు తెలుసు. అయినా చూడలేదు.

ఎండలు తగ్గకముందే సినిమా బండ్లు వచ్చాయి. సినిమా కాదు, డైనోసార్ల మీద సీరీస్ అన్నారు. విదేశాల కంపెనీ. అడవిలో పులిని చెట్టు చాటున కూర్చుని తీసినట్లే రాక్షసబల్లుల్ని కూడా నిజంగా తీసినట్లు చూపిస్తారట. జంతువును కంప్యూటరులో చేస్తారు. దుమ్మూ, నేలా, కొమ్మా మాత్రం నిజమైనవి కావాలి. దేశమంతా తిరిగి మా వంకను మెచ్చుకున్నారు.

వాళ్లందరికీ భోజనాలు నావి. కారం లేని కూర వండాను, దాన్ని కూర అనడానికి నాకే సిగ్గేసింది. వాళ్ల వెంట రాళ్ల చదువు చదివిన ఒక సారు ఉండేవాడు. మా బండలు డైనోసార్ల కంటే ఎంతో పాతవని, అవి గట్టిపడేనాటికి ఎముకలున్న ప్రాణి ఏదీ భూమ్మీద పుట్టలేదని ఆయనే చెప్పాడు. ఇక్కడ ఎంత తవ్వినా దాని ఎముక ఒక్కటి దొరకదట.

“మరి దాన్ని ఈడ యా మొగానికి తీస్తాండారు సార్?” అని అడిగాను.

“చూడ్డానికి ఆనాటి నేలలాగా ఖాళీగా ఉంది కదమ్మా” అన్నాడు. మెచ్చుకున్నాడో, తిట్టాడో నాకు తెలియలేదు.

వంకలో బురద కావాలన్నారు. ట్యాంకర్లతో నీళ్లు తెచ్చి పోశారు. మేం తాగడానికి అడిగితే రాని ట్యాంకరు, లేని జంతువు నడవడానికి వచ్చింది. నాకు ఒళ్లు మండింది కానీ అన్నం పెడుతున్నది వాళ్లే కాబట్టి గరిటె మీద కోపం చూపించి ఊరుకున్నాను.

తల్లి జంతువు నీళ్లకు పోయి, ఆరుతున్న బురదలో నడుచుకుంటూ తన గూటికి తిరిగి వస్తుంది. అదీ వాళ్లకు కావలసింది. దాని అడుగులు ముందే వేసి పెట్టుకోవాలి. అందుకోసం మూడు వేళ్ల ఫైబరు కాలు ఒకటి తెచ్చారు. చూస్తే కోడి కాలే, కాకపోతే చేట కంటే వెడల్పు. పైన పట్టుకోవడానికి పొడుగాటి పిడి. మా ఊరివాళ్లు దాన్ని పెద్దకోడి అని ఎగతాళి చేశారు. కొమ్మలకు తాళ్లు కట్టి లాగమంటే లాగారు, దుమ్ము ఎగరేయమంటే ఎగరేశారు. ఆ కాలు పట్టుకోమనేసరికి నవ్వులు ఆగిపోయాయి.

“ఎవరిదో తెలీని అడుగు మన చేత్తో ఎయ్యగూడదప్పా” అన్నాడు బొజ్జన్న. “అడుగేసినామంటే దానికి దావ చూపించినట్లే.”

అడుగుల పని చూసేది అవినాష్ అనే ఆయన. హైదరాబాదు మనిషి, ముప్పై దాటినవాడు, ఆ గుంపులో తెలుగు బాగా వచ్చింది ఆయనకే. ఇదేం పట్టింపు అని తల పట్టుకున్నాడు. అప్పుడు నాగక్క జనంలోంచి ముందుకు వచ్చింది.

“నేనేస్తా. యాడేయల్లో చూపించు నాయనా” అంది.

కూలి కోసమే అనుకున్నాను. కాదని తర్వాత తెలిసింది.

ఆ పని తీరు ఇట్లా ఉండేది. నాగక్క వెనక్కి నడవాలి. ముందు ఫైబరు కాలు బురదలో ఆనించి, పిడి మీద ఒళ్లంతా మోపి నొక్కాలి. తర్వాత ఒకడుగు వెనక్కి వేసి, తన కాలి గుర్తును ఈతాకు చీపురుతో చెరిపేయాలి. మళ్లీ నొక్కాలి, మళ్లీ చెరపాలి. మనిషి జాడ పోతూ, దాని జాడ వస్తూ. మూడు వేళ్లూ ఆమె వైపే తిరిగి ఉండేవి. ఆమె వెనక్కి జరిగేకొద్దీ కనబడనిది ఏదో ఆమె మీదికి నడిచి వస్తున్నట్లే ఉండేది. ఆమె దించిన కళ్లు ఎత్తేది కాదు.

పని అయ్యాక కెమెరా తిప్పారు. అంతకుముందు అవినాష్ ఒక వెదురు కట్టె చివర నారింజ రంగు బంతి కట్టి పైకెత్తి పట్టుకున్నాడు. “తల ఇక్కడుంటుంది” అన్నాడు. డైరెక్టరూ, కెమెరావాళ్లూ అందరూ ఆ ఎత్తుకు తలలెత్తి చూశారు. తర్వాత కట్టె దించేశారు. ఏమీ లేని చోటును అంతమంది అట్లాగే చూస్తూ నిలబడ్డారు. నా దగ్గర ఎంగిలి మెతుకులకు తిరిగే నల్లకుక్క కూడా చూసింది. అందరూ తలలు తిప్పుకుని భోజనాలకు వచ్చినా అది మాత్రం ఆ ఎత్తులోనే చూస్తూ, గొంతులో సన్నగా గుర్రుమంటూ ఉండిపోయింది. అన్నం వేసి పిలిచినా రాలేదు.

ఆ మధ్యాహ్నం నాగక్క అవినాష్‌కు ఎదురుగా కూర్చుని తింటూ అడిగింది. నేను మజ్జిగ పోస్తూ పక్కనే ఉన్నాను.

“జాడ ముందు, జంతువు తర్వాతనా నాయనా?”

“అవునమ్మా. జాడ ఇక్కడ వేసేశాం కదా. తర్వాత దాన్ని తెచ్చి అందులో నడిపిస్తారు.”

“వస్తాదా?”

“ఎందుకు రాదు? ఎనిమిది తొమ్మిది నెలలు పడుతుందంతే. వచ్చాక చూడండి, నమ్మలేరు.”

“ఈడ ఎప్పుడూ లేనిది గదా అది. ఆ సారు చెప్పె.”

“లేనిదాన్ని రప్పించడమే కదమ్మా మా పని” అని నవ్వాడు. ఆయన మామూలుగానే అన్నాడు. నాగక్క నవ్వలేదు. చేతిలో ముద్ద చేతిలోనే ఉండిపోయింది.

మరుసటి రోజు కొంగులో చుట్టి ఆ చెప్పు తెచ్చింది. రామాంజి ఎడమ చెప్పు. చాలాకాలం తొడిగినది కాబట్టి మడమ, వేళ్లు, పాదం ఆనిన పల్లాలన్నీ దాంట్లో తేటగా ఉన్నాయి. “దీన్ని బట్టి కాలు చేసిస్తావా నాయనా? అడుగు పడేట్లు” అని అడిగింది. కొడుకు గుర్తుగా దేవుడి గూట్లో పెట్టుకోవడానికేమో అనుకున్నాడు అవినాష్. పాపం, మంచివాడు. ఎక్కడెక్కడి కొలతలో తీసి, రబ్బరుతో పాదం చేసి ఇచ్చాడు. వేళ్ల కింద గీతలు కూడా గీశాడు. నాకు మాత్రం దాన్ని ముట్టుకోవాలనిపించలేదు. నాగక్క దాన్ని పాత రవికగుడ్డలో చుట్టి పెట్టెలో దాచింది.

బండ్లు వెళ్లిపోయాయి. అడుగులు మిగిలిపోయాయి. బురద ఎండి గట్టిపడి, వంకలో ఆ గట్టు నుంచి ఈ గట్టు దాకా మూడు వేళ్ల జాడ వరసగా నిలిచిపోయింది. ఆ ఏడు వానలు మొహం చాటేశాయి కాబట్టి చెరిగిపోలేదు. బొజ్జన్న మేకలు దాని దాకా వచ్చి ఆగిపోయేవి. కర్రతో తోలినా దాటేవి కావు, చుట్టూ తిరిగి పోయేవి. కొన్నాళ్లకు మనుషులు కూడా చుట్టూ తిరిగి పోవడం మొదలుపెట్టారు. ఎవర్నడిగినా, ముళ్లున్నాయని చెప్పేవారు. నేను దాటేదాన్ని. కాకపోతే దాటేటప్పుడు ఒక కీర్తన గట్టిగా అందుకునేదాన్ని.

నాగక్క రోజూ పొద్దు వాలుతుండగా వచ్చి ఆ జాడల చివర నిలబడేది. ఏం చేస్తున్నావక్కా అంటే, “ఇంకా రాలేదు” అనేది. “అది వచ్చేది టీవీలోకి, వంకలోకి కాదు” అని కసిరాను. “యాడికొస్తే ఏముండాది కృపమ్మా, వస్తే సాలు” అంది. అది వస్తే వాడూ వస్తాడని ఆమె లెక్క. అప్పుడు అర్థమైంది నాకు, పిలవని పనికి ముందుకు వచ్చి ఆ కాలు ఎందుకు పట్టుకుందో.

చలి తగ్గి కంది కోతలు అయిపోయాక అవినాష్ నాకు ఫోను చేశాడు. మా వంక ఉన్న భాగం వచ్చిందని, తెలుగులో కూడా ఉందని చెప్పాడు. మెస్సులో టీవీకి పెట్టించాను. సాయంత్రం బొజ్జన్న వచ్చాడు, నాగక్క వచ్చింది. రంగస్వామన్న లోపలికి రాలేదు. కిటికీ బయట బీడీ వెలిగించుకుని నిలబడ్డాడు.

మొదట మా వంకను నేను గుర్తుపట్టలేదు. గుర్తుపట్టాక భయమేసింది. వంక అదే, గట్టు అదే, ఆ వంకర తుమ్మచెట్టు అదే. కానీ మా ఊరు లేదు. కరెంటు స్తంభాలు లేవు. మా చర్చి గోపురం కనబడాల్సిన చోట ఆకాశం ఉంది. నేను పొయ్యి పెట్టి వండిన చోట ఏవో తడి మొక్కలు ఊగుతున్నాయి. మేం ఎప్పుడూ పుట్టనట్లే ఉంది.

తర్వాత అది వచ్చింది. గట్టు వెనక నుంచి ముందు తల, ఆ నారింజ బంతి ఎత్తులోనే. ఒంటినిండా బూడిదరంగు ఈకలు, కొన్నిచోట్ల రాలిపోయి చర్మం కనబడుతోంది. బరువుగా నడుస్తూ వచ్చి నాగక్క వేసిన జాడల్లోనే కాళ్లు పెట్టింది. ప్రతి అడుగుకూ బురద అంచుల్లో కదిలింది. ఆమె నొక్కినప్పుడు కదిలినట్లే. జాడల చివరకు వచ్చి ఆగి తల దించింది, మా వైపు చూసింది. ఆ చివర ఆ రోజు నిలబడింది నాగక్క.

“నన్ను చూస్తాండాది” అంది నాగక్క. మెల్లగా అంది, సంతోషంగా కూడా అంది. “చూడు కృపమ్మా. దావ చూపిస్తే వచ్చినాది.”

బొజ్జన్న తువ్వాలు దులుపుకుని లేచిపోయాడు. కిటికీ బయట బీడీ ఆరిపోయి ఉంది, రంగస్వామన్న ఇంకా టీవీనే చూస్తున్నాడు. తర్వాత ఇద్దరూ ఇంటిదారి పట్టారు, ఆయన ముందు, ఆమె చాలా వెనక.

రామాంజి సంవత్సరీకం దగ్గరికి వచ్చింది. దానికి ముందురోజు సాయంత్రం వంటకు పనికొస్తుందని మెస్సులోని గంగాళం తీసుకుని వాళ్లింటికి పోయాను. రంగస్వామన్న అరుగు మీద కూర్చుని పగ్గం పేనుతున్నాడు. తలుపు బార్లా తీసి ఉంది. లోపల గడప నుంచి పొయ్యి దాకా, చాప వెడల్పున, గోడ వారగా బూడిద పరిచి ఉంది. నాగక్క నా వైపు మొహం పెట్టి, వంగి, వెనక్కి నడుస్తోంది. చేతిలో ఆ రబ్బరు పాదం ఉంది. నొక్కుతోంది, ఒకడుగు వెనక్కి వేస్తోంది, తన గుర్తు మీద బూడిద చల్లుకుంటోంది.

గడప లోపలి నుంచి ఒక మగమనిషి ఎడమకాలి అడుగులు ఆమె వైపు పోతున్నాయి. ఎడమవి మాత్రమే.

కోపంతోనే మాట బయటికి వచ్చింది. “ఏం పనక్కా ఇది? ఒంటికాలితో ఎట్ల వస్తాడు వాడు?”

“నా దగ్గర ఉండేది ఆ కాలే. రెండోది వాడు తెచ్చుకుంటాడు” అంది, తల ఎత్తకుండానే.

“రాకపోతే?” అన్నాను.

నాగక్క అప్పుడు నిటారుగా నిలబడింది. “రాకపోతే నేనన్న మాటే నిలిచినట్ల. నా బిడ్డకు లేని గడప నాకెందుకు? రేపు వానికి పెట్టేది పెట్టి, నేను ఆదోని దిక్కు పోతా. మళ్లా రాను.”

ఆమె ఊరికే బెదిరించే మనిషి కాదు. మూట కూడా కట్టి పెట్టెకు ఆనించి ఉంది. తెల్లారితే బూడిదలో ఏమీ ఉండదని నాకు తెలుసు. ఒక పిల్లి పోయినా, ఒక కోడి పోయినా ఈసారి ఆమెకు చాలదు, ఆమెకు కావలసింది కుడికాలు. నచ్చజెప్పాలని నోరు తెరిచాను. మేమూ మా ప్రభువు ఖాళీ సమాధిని చూసి నమ్మినవాళ్లమే, ఈమెకు ఏమని చెప్పను? గంగాళం దించి బయటికి వచ్చాను. అరుగు మీద రంగస్వామన్న చేతిలో పగ్గం కదలడం లేదు. మా మాటలు విన్నాడని తెలుస్తూనే ఉంది. ఆ మనిషి మీద కూడా కోపం వచ్చింది. “ఏమప్పా, నీకు నోరు లేదా?” అని అడిగేశాను. ఆయన పగ్గం వైపే చూశాడు.

జాడలు చెదరకూడదని నాగక్క తలుపు తీసిపెట్టి, ఎనుముల కొట్టంలో పడుకోవడానికి పోయింది.

నేను పొద్దున్నే మళ్లీ పోయాను. ఎవరూ పిలవలేదు, ఉండలేక పోయాను. వీధిలోకి వెలుగు అప్పుడే వచ్చింది. నాగక్క పొయ్యి ముందు, అడుగులు ఆగిన చోట చతికిలబడి ఉంది. నేను గడప బయటే నిలబడిపోయాను.

ఎడమ అడుగుల మధ్య కుడి అడుగులు ఉన్నాయి.

రబ్బరుతో వేసినవి పలచటి అచ్చులు. ఇవి అట్లా లేవు. మడమ దగ్గర బూడిద పక్కలకు తోసుకుపోయి, కింద అలికిన నేల కనబడేంత లోతుగా ఉన్నాయి. బరువున్నది ఏదో నడిచింది. గడప దగ్గర మొదలై, ఒక ఎడమ, ఒక కుడి, ఒక ఎడమ, ఒక కుడి, పొయ్యి దాకా పోయాయి. వంగి చూశాను. ఆ కుడి అడుగుకు నాలుగే వేళ్లున్నాయి. మనిషికి ఐదుంటాయి, వంకలో నడిచిన దానికి మూడు. నాలుగు వేళ్లది ఏమిటి? అన్ని అడుగులకూ నాలుగే. ప్రార్థన చేయబోతే ఒక్క మాటా గుర్తుకు రాలేదు.

అప్పుడు గోడ చూశాను. బూడిద పరిచిన పొడుగునా, నడుము ఎత్తులో, అరచేతి మరకలు ఉన్నాయి. ఎవరో గోడ పట్టుకుని, ఒంటికాలి మీద గెంతుకుంటూ పోయారు.

అరుగు మీంచి రంగస్వామన్న లేచి వచ్చి నా పక్కన నిలబడ్డాడు. ఆయన కుడికాలి చిటికెన వేలు వయసులో ఉండగా కంప కొడుతుంటే గొడ్డలి దెబ్బకు పోయింది. ఊరందరికీ తెలుసు, నాకూ తెలుసు, ఆ భయంలో గుర్తుకు రాలేదు. ఆ కాలికి చీలమండ దాకా బూడిద అంటి ఉంది. కడుక్కోవాలని కూడా ఆయనకు తోచినట్లు లేదు. ఆ వయసులో, ఆ మోకాళ్లతో, గడప నుంచి పొయ్యి దాకా ఒంటికాలి మీద గెంతాడా ఈ మనిషి? నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేదు.

“నాగీ” అన్నాడాయన. ఏడాదిగా వాడని గొంతు బొంగురుగా వచ్చింది. “అబ్బోడు వచ్చినాడు. సంగటి పెట్టు.”

నాగక్క ఆయన్ను చూసింది. ఆయన కాలు చూసింది. తన ముందున్న నాలుగు వేళ్ల జాడ మీద అరచేయి ఆనించి, చెరగకుండా, చాలాసేపు అట్లాగే ఉంచింది. పెళ్లయిన నాటి నుంచి ఆ పాదంలో ముళ్లు తీసిన మనిషి ఆమె. ఆమెకు తెలియకుండా ఉంటుందా? తెలిసింది. తెలిసిందని ఆయనకూ తెలిసింది.

“అవును, వచ్చినాడు” అంది. “నువ్వూ లోపలికి రా. ఇద్దరికీ పెడతా.”

ఏడాదిగా అరుగు మీదే తింటున్న మనిషి గడప దాటి, జాడలు తొక్కకుండా పక్కగా నడిచి, పొయ్యి ముందు కూర్చున్నాడు. నాగక్క రెండు పళ్లేలు కడిగింది.